ఉమ్మడి పట్టిక: పాత పుస్తకాల వర్తకులు అంతర్జాలంలో కట్టుకున్న వంతెన

పాత పుస్తకాలు అమ్మేవాడి కష్టం కొత్త పుస్తకాలు అమ్మేవాడి కష్టం వంటిది కాదు. కొత్త పుస్తకం అయిపోతే ప్రచురణకర్తకు రాసి మరో పది ప్రతులు తెప్పించుకోవచ్చు. పాత పుస్తకానికి ఆ వీలు లేదు. అంగట్లో ఉన్నది ఒక్కటే ప్రతి. దాన్ని కోరే మనిషి కూడా చాలాసార్లు ఒక్కడే. ఆ ప్రతి ఏ ఊళ్ళో ఏ అలమరలో దుమ్ము తింటున్నదో ఆ మనిషికి తెలియదు. ఆ మనిషి ఏ ఖండంలో ఉన్నాడో అంగడివాడికి తెలియదు. ఇద్దరూ బతికి ఉండగానే కలుసుకోకపోతే ఆ పుస్తకం చిత్తుకాగితాల కింద లెక్క.

శతాబ్దాల నాటి ఈ చిక్కుకు గత మూడు దశాబ్దాలలో ఒక పరిష్కారం దొరికింది. ఒకరికొకరు పోటీదారులైన వేలాది చిన్న వర్తకులు తమ సరుకుల పట్టికలను ఒకచోట కలిపి, ఎవరైనా వెతుక్కునేందుకు వీలుగా అంతర్జాలంలో పెట్టారు. ఈ ఉమ్మడి పట్టిక పాఠకుడికి మేలు చేసింది. వర్తకుడికి మొదట మేలు చేసి, తరువాత కొత్త చిక్కులు తెచ్చిపెట్టింది. ఈ పట్టిక ఎలా పుట్టింది, ఎలా పనిచేస్తుంది, చివరికి ఎవరి చేతికి చిక్కింది, ఇందులో తెలుగు పుస్తకానికి పనికొచ్చే పాఠం ఏమిటి అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు. నేను వైద్యుణ్ణి, పుస్తక వర్తకుణ్ణి కాను. అయితే ముప్ఫయ్యేళ్ళుగా ఈ పట్టికలలో వెతుక్కుంటున్న కొనుగోలుదారుణ్ణి.

కార్డుల కాలం

అంతర్జాలానికి ముందు కూడా ఈ వర్తకులు పూర్తిగా ఒంటరివాళ్ళు కారు. ఇంగ్లండులో 1890లో మొదలైన ‘ది క్లిక్’ అనే పత్రిక వర్తకులకోసమే నడిచింది. అందులో ముఖ్యమైన భాగం ‘కావలెను’ అన్న పుస్తకాల జాబితా. అమెరికాలో ఇదే పనిని 1948లో సోల్ మాల్కిన్ ప్రారంభించిన ‘యాంటిక్వేరియన్ బుక్‌మన్’ చేసింది. తరువాత ‘ఎ.బి. బుక్‌మన్స్ వీక్లీ’గా పేరు మార్చుకున్న ఈ వారపత్రిక 1999 దాకా నడిచింది.

ఆ పద్ధతి ఇలా ఉండేది. ఒక పాఠకుడు తన ఊరి అంగడికి వెళ్ళి ఫలానా పుస్తకం కావాలని అడుగుతాడు. అంగడివాడు ఆ పేరును వారపత్రికకు పంపుతాడు. దేశంలోని మిగిలిన వర్తకులు ఆ వారం జాబితా చదువుతూ, తమ అలమరలలో ఏమున్నదో జ్ఞాపకం తెచ్చుకుంటారు. పుస్తకం ఉన్నవాడు ఒక పోస్టుకార్డు మీద పుస్తకం పేరు, ముద్రణ, స్థితి, ధర రాసి పంపుతాడు. అడిగిన వర్తకుడు వచ్చిన కార్డులలో ఒకటి ఎంచుకుని, తన లాభం కలిపి, పాఠకుడికి ధర చెబుతాడు. అంతా కుదిరేసరికి వారాలు పట్టేది, ఒక్కోసారి నెలలు.

ఈ పద్ధతిలో రెండు విశేషాలు గమనించాలి. సరుకు వివరమంతా వర్తకుడి జ్ఞాపకంలోనే ఉండేది. అతని అనుభవమే అతని మూలధనం. పాఠకుడికి తెలిసినది తన ఊరి అంగడివాడు ఒక్కడే. ఆ వెనక ఎంతమంది చేతులు మారినా పాఠకుడి పరిచయం, అభిమానం ఆ ఒక్కడికే దక్కేవి.

కళ్ళతో చూడని పుస్తకాన్ని కార్డు మీది నాలుగు మాటలను నమ్మి కొనాలంటే ఆ మాటలకు అందరికీ ఒకే అర్థం ఉండాలి. అందుకని ‘ఎ.బి.’ పత్రిక 1949లో పుస్తకం స్థితిని వర్ణించే మాటలకు ప్రమాణాలు ప్రతిపాదించింది. కొత్తదానివలె ఉన్నదాని నుంచి మొదలై ‘ఫైన్’, ‘వెరీ గుడ్’, ‘గుడ్’, ‘ఫెయిర్’, ‘పూర్’ అంటూ దిగుతూ వచ్చే ఈ మెట్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఇందులో ‘గుడ్’ అంటే మంచిదని కాదు. బాగా నలిగినా పుటలన్నీ ఉన్న మామూలు పాత పుస్తకమని అర్థం. తెలియని కొనుగోలుదారులు ఇక్కడే మోసపోయామనుకుంటారు. వైద్యంలోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది. గుండె చప్పుళ్ళ మధ్య వినిపించే మర్మరాన్ని మేము ఒకటి నుంచి ఆరు దాకా అంకెలతో సూచిస్తాము. ‘మూడు’ అని నేను రాస్తే, ఆ రోగిని చూడని మరో ఊరి వైద్యుడికి కూడా అది ఎంత బిగ్గరగా ఉన్నదో తెలుస్తుంది. పరిచయం లేనివాళ్ళ మధ్య సహకారానికి మొదట కావలసింది ఇటువంటి ఉమ్మడి పరిభాష. యంత్రాలు దాని తరువాతి మాట. పాత పుస్తకాల వర్తకులు కంప్యూటర్లకు నలభయ్యేళ్ళ ముందే ఆ పరిభాషను సమకూర్చుకున్నారు.

తీగల మీదికి ఎక్కిన జాబితా

1990ల తొలి సంవత్సరాలలో రిచర్డ్ వెదర్‌ఫర్డ్ అనే అమెరికన్ వర్తకుడు ‘ఇంటర్‌లాక్’ అనే సేవను మొదలుపెట్టాడు. వర్తకులు టెలిఫోను తీగ ద్వారా తమ దగ్గర ఉన్న పుస్తకాల జాబితాను, తమకు కావలసిన పుస్తకాల జాబితాను పంపేవారు. కేంద్రంలోని కంప్యూటరు ఆ రెంటినీ పోల్చి జతలు చెప్పేది. పోస్టుకార్డు చేసిన పనే ఇది. కాని జ్ఞాపకంతో పని లేకుండా, అమెరికా ఒక కొస నుంచి మరో కొసకు రాత్రికి రాత్రే జరిగిపోయేది. ఈ సేవే 1990ల చివరలో ‘అలిబ్రిస్’గా మారి, సాధారణ పాఠకులకు నేరుగా అమ్మడం మొదలుపెట్టింది.

కెనడా పశ్చిమతీరంలోని విక్టోరియా నగరంలో రెండు జంటలు, రిక్, వివియన్ ప్యూరాలు, కీత్, క్యాథీ వాటర్స్‌లు, 1995లో ‘అడ్వాన్స్‌డ్ బుక్ ఎక్స్ఛేంజ్’ సంస్థను స్థాపించారు. క్యాథీ వాటర్స్‌కు పాత పుస్తకాల అంగడి ఉండేది. కావలసిన పుస్తకాన్ని వెతికి పెట్టడంలోని కష్టం ఆమెకు స్వానుభవం. 1996లో వారి సేవ వెబ్‌లో తెరుచుకుంది. నేడు ‘ఏబ్‌బుక్స్’ అని మనకు తెలిసినది ఇదే. అదే సంవత్సరం జర్మనీలో ‘ౙడ్.వి.ఎ.బి.’ అనే కేంద్రీయ పట్టిక మొదలైంది. బర్కిలీ విద్యార్థి అనిర్వాన్ ఛటర్జీ 1997లో తయారుచేసిన ‘బుక్‌ఫైండర్’ ఇంకో మెట్టు పైకెళ్ళి, ఈ పట్టికలన్నింటినీ ఒకేసారి వెతికే వీలు కల్పించింది.

ఈ పట్టికలు పనిచేసే తీరు పైకి చూస్తే చాలా సులువు. ప్రతి వర్తకుడూ తన పుస్తకాలలో ఒక్కొక్కదానికి ఒక నమోదు తయారుచేసుకుంటాడు. రచయిత, శీర్షిక, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం, ముద్రణ, అట్ట రకం, స్థితి, ధర, ఆ ప్రతికి ప్రత్యేకమైన విశేషాలు అందులో ఉంటాయి. వెన్ను చినిగిందా, పుటల మీద గోధుమరంగు మచ్చలున్నాయా, గ్రంథాలయం ముద్ర ఉన్నదా, రచయిత చేవ్రాలు ఉన్నదా అన్నవన్నీ ఆ చివరి గడిలోకి వస్తాయి. వర్తకుడు ఈ నమోదులన్నింటినీ ఒక ఫైలుగా కేంద్రానికి పంపుతాడు. అమ్ముడైనవాటిని ఎప్పటికప్పుడు తొలగిస్తాడు. పాఠకుడు ఎక్కడినుంచో వెతికి అడిగితే, కేంద్రం ఆ సంగతిని వర్తకుడికి చేరవేస్తుంది. పుస్తకం వర్తకుడి అలమరలోంచి నేరుగా పాఠకుడికి వెళుతుంది. కేంద్రానికి గోదాము లేదు, పుస్తకాన్ని అది ముట్టుకోనైనా ముట్టుకోదు.

చిక్కంతా ‘ఎప్పటికప్పుడు’ అన్న మాటలో ఉంది. ఒకే ప్రతి నాలుగు పట్టికలలో ఉండి, అంగట్లో నిలబడ్డ మనిషి దాన్ని చేత్తో పట్టుకుని డబ్బు చెల్లిస్తున్న క్షణంలోనే మరెవరో దూరంనుంచి అడగవచ్చు. ఒక్కటే ప్రతి కనుక రెండోవాడికి క్షమాపణే మిగులుతుంది. పాఠకుడి నమ్మకం నిలబడేది వర్తకుడు రోజూ సాయంత్రం కూర్చుని పట్టికను సరిచేసుకునే క్రమశిక్షణ మీద.

పోటీదారులు చేతులు కలపడం ఎందుకు?

పక్క అంగడివాడి సరుకును నా సరుకు సరసన చూపించడం నాకు నష్టం కాదా? చింతపండు అమ్మే రెండు అంగళ్ళ మధ్య అయితే నష్టమే. రెండు చోట్లా అదే సరుకు. ధర తక్కువ ఉన్న చోటికి జనం పోతారు. పాత పుస్తకాల సంగతి వేరు, ఎందుకంటే ఇక్కడ అసలు చిక్కు ధర కాదు, జత కుదరడం.

నా వృత్తిలోంచి ఒక పోలిక చెబుతాను. మరణించిన దాత నుంచి లభించిన మూత్రపిండం అందరికీ పనికిరాదు. రక్తవర్గం కలవాలి, కణజాలం పొసగాలి. ఒక ఆసుపత్రి తన రోగుల జాబితాలో మాత్రమే వెతుక్కుంటే సరైన జత దొరకకపోవచ్చు. అదే సమయంలో మరో రాష్ట్రంలో సరిగ్గా సరిపోయే రోగి ఎదురుచూస్తూ ఉండవచ్చు. అందుకనే అమెరికాలో 1984 నాటి జాతీయ అవయవ మార్పిడి చట్టం దేశమంతటికీ ఒక ఉమ్మడి జాబితాను ఏర్పరచింది. జాబితా ఎంత పెద్దదైతే జత కుదిరే అవకాశం అంత పెరుగుతుంది. ప్రాణానికీ పుస్తకానికీ సాటి లేదు. కాని లెక్క ఒకటే. వంద అంగళ్ళు కలిస్తే ప్రతి అంగడికీ వచ్చే కొనుగోలుదారులు పెరుగుతారు, ఎందుకంటే వెతికితే దొరుకుతుందన్న నమ్మకంతో అక్కడికి వచ్చేవాళ్ళు పెరుగుతారు.

మసాచూసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆర్థికశాస్త్రజ్ఞులు గ్లెన్ ఎలిసన్, సారా ఫిషర్ ఎలిసన్ ఈ విషయాన్ని పరిశోధించారు. అంతర్జాలంలో పోలిక సులువు కనుక ధరలు తగ్గాలని మనం ఊహిస్తాము. పాత పుస్తకాల అంగళ్ళలో కనిపించిన శీర్షికలనే అంతర్జాలంలో వెతికి చూస్తే, విరివిగా దొరికే జనాదరణ గ్రంథాల మాట ఎలా ఉన్నా, మామూలు పాత పుస్తకాల ధరలు అంగడికన్నా అంతర్జాలంలోనే ఎక్కువగా కనిపించాయి. కారణం ఆలోచిస్తే తేలికగానే అర్థమవుతుంది. ఊరి అంగట్లో ఒక పుస్తకాన్ని కొనేవాడు అటుగా వచ్చి, చూసి, బాగుందనుకున్నవాడు. అంతర్జాలంలో కొనేవాడు ఆ పుస్తకం కోసమే వచ్చినవాడు. రెండోవాడికి దాని విలువ ఎక్కువ. ఒక ప్రాంతపు చరిత్ర వంటి స్థానిక గ్రంథాల విషయంలో మాత్రం ఈ తేడా అంతగా లేదు. ఆ పుస్తకాన్ని కోరేవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉంటారు కనుక అక్కడ జత ముందే కుదిరి ఉంది.

లెక్క తప్పిన చోట్లు

ఈ పట్టికలు పెరిగేకొద్దీ వాటిలో రెండు రకాల పుస్తకాలు వేరుపడ్డాయి. ‘ఐ.ఎస్.బి.ఎన్.’ అనే అంతర్జాతీయ సంఖ్య 1970లో ప్రమాణమైంది. ఆ సంఖ్య ఉన్న పుస్తకాన్ని వర్ణించడానికి పాండిత్యం అక్కరలేదు. గీతల గుర్తును యంత్రానికి చూపిస్తే రచయిత పేరూ సంవత్సరమూ వాటంతట అవే వచ్చి పడతాయి. దానితో గోదాములలో లక్షలాది పుస్తకాలు పోసుకుని, ఒక్కటీ తెరచి చూడకుండా అమ్మే భారీ విక్రేతలు పుట్టారు. ధర కూడా మనిషి నిర్ణయించడు. పోటీదారుడి ధరను చూసి దానికన్నా కొంచెం తగ్గించమనో పెంచమనో ఒక సూత్రం రాసి పెడితే యంత్రమే రోజూ సరిచేస్తుంది.

ఈ పద్ధతి ఎక్కడికి దారితీయగలదో 2011 ఏప్రిల్‌లో జీవశాస్త్రజ్ఞులకు తెలిసివచ్చింది. ఈగ పిండాభివృద్ధిని గురించి పీటర్ లారెన్స్ 1992లో రాసిన ‘ది మేకింగ్ ఆఫ్ ఎ ఫ్లై’ అన్న ప్రామాణిక గ్రంథం కొత్త ప్రతి ధర అమెజాన్‌లో పది లక్షల డాలర్లు దాటి ఉన్నట్టు బర్కిలీ శాస్త్రజ్ఞుడు మైకెల్ ఐసెన్ ప్రయోగశాలవారు గమనించారు. ఐసెన్ రోజూ ధరలు రాసుకుంటూ వెళ్ళి గుట్టు విప్పాడు. ఇద్దరు విక్రేతలలో ఒకరి యంత్రం ఎదుటివారి ధరలో 0.9983 వంతు పెడుతోంది. రెండోవారి యంత్రం మొదటివారి ధరకు 1.270589 రెట్లు పెడుతోంది. రెండోవారి దగ్గర బహుశా పుస్తకమే లేదు. ఎవరైనా అడిగితే మొదటివారి దగ్గర కొని పంపవచ్చన్నది వారి ఆలోచన అయి ఉండాలని ఐసెన్ ఊహ. ఈ రెంటినీ గుణిస్తే ఒకటికన్నా ఎక్కువ వస్తుంది కనుక ధర ప్రతి చుట్టుకూ పావువంతుకు పైగా పెరుగుతూ పోయి 2,36,98,655.93 డాలర్ల దగ్గర ఎవరో మనిషి కళ్ళబడి ఆగింది. ఐదులీటర్ల రక్తాన్ని నడిపే గుండెకు కూడా అదుపు చేసే నాడులు రెండు వైపులా ఉంటాయి. పెంచే నాడులు మాత్రమే ఉండి తగ్గించేవి లేకపోతే ఏమవుతుందో ఏ వైద్యుడినడిగినా చెబుతాడు.

ఐ.ఎస్.బి.ఎన్. లేని పాత పుస్తకం దారి వేరు. దాన్ని ఇప్పటికీ మనిషే చేతిలోకి తీసుకుని, తెరచి, చదివి, వర్ణించాలి. సంఖ్య ఉన్న సాధారణ పుస్తకాల ధరలు అడుగంటాయి. అరుదైనవాటికి విలువ నిలబడింది. తాను ఏకైక ప్రతి అనుకున్నదానికి మరో నలభై ప్రతులున్నాయని ఉమ్మడి పట్టిక కొందరు వర్తకులకు చెప్పింది. అరుదుదనం అన్నది చాలావరకు మన అజ్ఞానమేనని ఆ వర్తకంలో అందరూ నేర్చుకున్నారు.

పట్టిక ఎవరిది?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. పుస్తకాలు వర్తకులవి. వర్ణనలు వారు రాసినవి. వాటిని ఒకచోట చేర్చిన పట్టిక మాత్రం వారిది కాదు.

మొదట్లో ఏబ్‌బుక్స్ నెలసరి రుసుము మాత్రమే తీసుకునేది. పెట్టిన పుస్తకాల సంఖ్యను బట్టి ఆ రుసుము ఉండేది. తరువాత అమ్మకం మీద కమీషన్ వచ్చింది. ఇంకొంత కాలానికి పాఠకుడి చెల్లింపు కూడా సంస్థ చేతుల మీదుగానే సాగింది. ఈలోగా పట్టికలు ఒకదాన్నొకటి మింగడం మొదలైంది. ‘బిబ్లియోఫైండ్’ అనే పేరుపొందిన పట్టిక, దాని మాతృసంస్థతో సహా 1999లో అమెజాన్‌కు అమ్ముడైంది. ఏబ్‌బుక్స్ 2005లో బుక్‌ఫైండర్‌ను కొన్నది. 11 కోట్లకు పైగా పుస్తకాల నమోదులున్న ఏబ్‌బుక్స్‌నే 2008లో అమెజాన్ కొన్నది. జర్మనీ పట్టిక 2011లో ఏబ్‌బుక్స్‌లో చేరింది. 1996లో వేరువేరుగా పుట్టిన దారులు పదిహేనేళ్ళలో ఒకే గుమ్మం ముందుకు వచ్చాయి.

వర్తకులు చూస్తూ ఊరుకోలేదు. అంతర్జాల వర్తకులకు వృత్తి నియమాలు ఏర్పరచుకునేందుకు 1999లో స్వతంత్ర ఆన్‌లైన్ పుస్తక విక్రేతల సంఘం ఏర్పడింది. ఇంచుమించు అదే కాలంలో కొందరు ‘టామ్‌ఫోలియో’ పేరిట సహకార పద్ధతిలో సొంత పట్టిక పెట్టుకున్నారు. అందులో సభ్యులే యజమానులు. ఆలోచన చక్కనిదే. కాని పాఠకుడు అందరికన్నా పెద్ద పట్టికకే వెళతాడు. పాఠకుడు ఎక్కడికి వెళితే వర్తకుడు అక్కడికి వెళ్ళక తప్పదు. కూటమికి బలమిచ్చిన సూత్రమే కూటమిని ఒకరి చేతిలో పెట్టింది.

ఆ బంధం ఎంత బిగుసుకున్నదో 2018 శరదృతువులో బయటపడింది. చెల్లింపుల ఏర్పాటు మారుతున్నదన్న కారణంతో హంగరీ, చెక్ రిపబ్లిక్, దక్షిణ కొరియా, రష్యా వర్తకులను ఆ నవంబరు నెలాఖరు నుంచి పట్టికలో కొనసాగించబోమని ఏబ్‌బుక్స్ తెలియజేసింది. ఏళ్ళ తరబడి అక్కడే వ్యాపారం చేసుకుంటున్నవారికి ఇది కొన్ని వారాల గడువుతో వచ్చిన ఉద్వాసన. వారు కొద్దిమంది, నాలుగు దేశాలవారు, వారు పోతే మిగిలినవారికి పోటీ తగ్గుతుంది కూడా. అయినా ఇతర దేశాల వర్తకులు వారి పక్షాన నిలబడ్డారు. నవంబరు 5 నుంచి తమ పుస్తకాలను పట్టికలోంచి ఉపసంహరించుకోవడం మొదలుపెట్టారు. దానికి వారు వాడుకున్నది, అంగడివాడు సెలవు మీద వెళ్ళేటప్పుడు సరుకు కనిపించకుండా చేసుకునేందుకు సంస్థే కల్పించిన మీట. మొదట 24 దేశాల నుంచి 250 మందికి పైగా, తరువాత దాదాపు 600 మంది ‘సెలవు’ పెట్టారు. లక్షలాది పుస్తకాలు పట్టికలోంచి మాయమయ్యాయి. రెండు రోజులలో సంస్థ దిగివచ్చి, క్షమాపణ చెప్పి, ఆ వర్తకుల తొలగింపును వెనక్కు తీసుకునేందుకు ఒప్పుకున్నది.

ఈ సంప్రదింపులు నడిపినది పురాగ్రంథ విక్రేతల అంతర్జాతీయ సమాఖ్య. రెండో ప్రపంచయుద్ధం ఐరోపా వర్తకుల మధ్య మిగిల్చిన వైరాన్ని దాటేందుకు 1948లో రూపుదిద్దుకున్న సంస్థ అది. పుస్తకప్రేమే తమను కలుపుతున్నదన్నది దాని లాటిన్ నినాదం. డెబ్భై ఏళ్ళ తరువాత ఆ నినాదానికి పరీక్ష ఎదురైంది, అది నెగ్గింది.

ఈ సమ్మె ఎందుకు ఫలించిందో గుర్తుంచుకోవాలి. చొక్కాలమ్మేవాళ్ళు ఆరు వందల మంది తప్పుకుంటే వారి స్థానంలో మరో ఆరు వందల మంది అవే చొక్కాలు అమ్ముతారు. అరుదైన పుస్తకానికి ప్రత్యామ్నాయం లేదు. ఏ విశిష్టత వల్ల వారికి ఉమ్మడి పట్టిక అవసరమైందో ఆ విశిష్టతే వారికి ఆయుధమైంది. దానికి తోడు, కంప్యూటర్ల కన్నా పాతదైన ఒక సంఘం వారికి ఉన్నది. అయితే సమ్మె గెలిచింది ఒక నిర్ణయం మీదనే. పట్టిక యాజమాన్యం మారలేదు.

తెలుగు పుస్తకం సంగతి

హైదరాబాదులో ఆదివారంనాటి ఆబిడ్స్ కాలిబాటలు, కోఠీ అంగళ్ళు, విజయవాడలో లెనిన్ సెంటర్ దుకాణాలు చూసినవారికి తెలుగు పాత పుస్తకాల వర్తకం బతికే ఉన్నదని తెలుసు. అక్కడి వర్తకులలో కొందరి జ్ఞాపకశక్తి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫలానా నవల రెండో ముద్రణకూ మొదటి ముద్రణకూ ముఖచిత్రం మారిందని అడగకుండానే చెప్పగలరు. కాని ఆ జ్ఞానం వారి తలలోనే ఉంది, వారితోనే పోతుంది. ఇప్పుడు కొందరు వాట్సాప్‌లో పుస్తకాల బొమ్మలు పంపుతున్నారు. ఇది పోస్టుకార్డు కాలానికి సమానం. వార్త వేగంగా చేరుతుంది, నిలవదు. పోయిన నెల పంపిన బొమ్మను ఈ నెల వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

తెలుగు పుస్తకాలకు ఉమ్మడి పట్టిక పెట్టాలంటే సాఫ్టువేరు కన్నా ముందు పరిభాష కావాలి. మన పాత పుస్తకాలలో ఎక్కువవాటికి ఐ.ఎస్.బి.ఎన్. లేదు. కొన్నింటి మీద క్రీస్తుశకానికి బదులు ప్రభవాది సంవత్సరం పేరే ఉంటుంది. అది అరవయ్యేళ్ళకొకసారి తిరిగి వస్తుంది కనుక తక్కిన ఆధారాలతో ఏ ఆవృత్తమో తేల్చుకోవాలి. ప్రచురణకర్త పేరు లేకుండా ‘ప్రతులకు’ అన్న మాట కింద రచయిత ఇంటి చిరునామాతో వెలువడినవి కొల్లలు. రచయిత పేరులో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటుంది. రోమన్ లిపిలోకి మారిస్తే ఒకే పేరుకు పది రూపాలు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు గ్రంథాలు స్కానై ఉండి కూడా, శీర్షికలను రోమన్ లిపిలో తప్పులతో ఎక్కించడం వల్ల వెతికేవారికి దొరకకుండాపోవడం మనలో చాలామందికి అనుభవమే. నమోదు తెలుగు లిపిలోనే ఉండాలి. ప్రతి రచయితకూ ఒక ప్రామాణిక రూపం నిర్ణయించి మిగిలిన రూపాలను దానికి ముడిపెట్టాలి. ఆపైన స్థితిని చెప్పే మాటలు కావాలి. ‘కొత్తదివలె’, ‘చక్కనిది’, ‘నలిగినది’, ‘శిథిలం’ అని నాలుగు మెట్లు పెట్టుకుని, పురుగు కొట్టడం, కుట్టు ఊడటం, పుటలు లోపించడం విడిగా చెప్పినా చాలు.

రెండో చిక్కు శ్రమ. యాభై రూపాయల పుస్తకానికి పావుగంట కూర్చుని నమోదు రాయడం అంగడివాడికి గిట్టదు. దీనికి ఒక దారి ఉన్నది. ఒక ముద్రణ వివరాలు ఒక్కసారి రాస్తే చాలు. ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉన్నా ఆ వివరాలకు తన ప్రతి స్థితి, ధర మాత్రం చేర్చుకోవచ్చు. అంగడివాడు ముఖపత్రం, దాని వెనక పుట బొమ్మ తీసి పంపితే, వివరాలు రాసేపని దూరాన ఉన్న మనవంటివారు పంచుకోవచ్చు. చక్కగా తెలుగు చదివినవారు, వారానికి గంట తీరిక ఉన్నవారు ప్రవాసంలో తక్కువేమీ కాదు. 1962 నుంచి పి.ఎల్.480 పథకం కింద అమెరికా విశ్వవిద్యాలయాలకు చేరిన తెలుగు గ్రంథాలకు ఇక్కడి గ్రంథాలయాలు రాసిపెట్టిన వివరాలు సరిచూసుకునేందుకు ఉండనే ఉన్నాయి.

మూడోది యాజమాన్యం. ఏబ్‌బుక్స్ చరిత్ర చెప్పేది ఇదే. వర్తకుడు తన నమోదులను ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కు తీసుకుని మరో చోటికి పట్టుకుపోగలగాలి. ఆ నియమం మొదటి రోజునే రాసుకోవాలి, పట్టిక పెద్దదయ్యాక కాదు. భారతదేశంలో 2021 చివర లాభాపేక్ష లేని సంస్థగా నమోదైన ‘ఓ.ఎన్.డి.సి.’ వెనక ఉన్న ఆలోచన కూడా ఇటువంటిదే. అక్కడ ఒక పెద్ద అంగడి ఉండదు. అమ్మేవాడి యాప్, కొనేవాడి యాప్ వేరైనా ఒకే భాషలో మాట్లాడుకునే ఒడంబడిక ఉంటుంది. అది ఎంతవరకు నిలదొక్కుకుంటుందో కాలం చెప్పాలి. కాని పట్టిక ఒకరి సొత్తు కానక్కరలేదన్న సంగతిని అది గుర్తుచేస్తుంది. ఊరూరా చందాలతో గ్రంథాలయాలు కట్టుకుని, వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం వంటివాటిని వందేళ్ళుగా కాపాడుకుంటూ వచ్చిన జాతికి ఇది కొత్త పాఠం కాదు.

ఖర్చుల సంగతి దాచనక్కరలేదు. హైదరాబాదు నుంచి హ్యూస్టన్‌కు పుస్తకం పంపడానికి అయ్యే తపాలా ఖర్చు చాలాసార్లు పుస్తకం ధరకు ఎన్నో రెట్లు. విదేశాలలోని కొనుగోలుదారులను మాత్రమే నమ్ముకుంటే ఈ పట్టిక నిలవదు. తెలుగు రాష్ట్రాలలోని పాఠకుడే దానికి ఆధారం కావాలి. మనం చేయగలిగినది వివరాలు రాసిపెట్టడం, మొదటి రెండు మూడేళ్ళ ఖర్చు భరించడం, ఆపైన పక్కకు తప్పుకోవడం.

ఇంత శ్రమ దేనికని అడగవచ్చు. మా తరంవారి తల్లిదండ్రుల ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఒక ఉపాధ్యాయుడు నలభయ్యేళ్ళు జీతంలోంచి మిగిల్చి కొన్న పుస్తకాలను పిల్లలు రెండు రోజుల సెలవులో తూకానికి వేసి విమానం ఎక్కుతున్నారు. వారిని తప్పుపట్టలేము, ఎవరికివ్వాలో వారికి తెలియదు. ఆ బస్తాలు ముందుగా చేరేది చిత్తుకాగితాల వర్తకుడి దగ్గరికి, అక్కడినుంచి కాలిబాట అంగడికి, లేకపోతే కాగితపు మిల్లుకు. ఈ రెంటిలో ఎటు పంపాలో నిర్ణయించేవాడికి ఉన్న ఆధారం ఒక్కటే: ఈ పుస్తకాన్ని ఎక్కడో ఎవరో వెతుకుతున్నారన్న సమాచారం. ఆ సమాచారం అతని చేతిలోని ఫోనులో కనబడితే ఆ పుస్తకం మరో వందేళ్ళు బతుకుతుంది. కనబడకపోతే, దాన్ని కోరే మనిషి ఏదో ఖండంలో వెతుకుతూనే ఉంటాడు. పుస్తకం మాత్రం అప్పటికే గుజ్జుగా మారి ఉంటుంది.